సీపీయూ వెనక ఏముందో చూశాకే థిన్ క్లయింట్

తిరుపతిలో ఆడిటర్ ఆఫీసైనా, రేణిగుంట రోడ్డులో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసైనా, చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అయినా, థిన్ క్లయింట్ మాట ఎత్తగానే వచ్చే మొదటి ప్రశ్న "ఒక్కో బాక్సు ఎంత పడుతుంది?" అనే. బాక్సు ధర చివర్లో చూసుకోవచ్చు. ముందు టేబుళ్ల కింద వంగి, ప్రతి సీపీయూ వెనక ఏమేం గుచ్చి ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. కీబోర్డు, మౌస్, మానిటర్, నెట్ కేబుల్, ఈ నాలుగే ఉంటే ఆ సీటును రేపే మార్చేయొచ్చు. ఐదో వైరు కనిపించిందంటే అక్కడ ఆగాలి. థిన్ క్లయింట్లు పెట్టి మూడు నెలలకే పీకేసిన ఆఫీసుల్లో గొడవ దాదాపు ఎప్పుడూ ఆ ఐదో వైరు దగ్గరే మొదలవుతుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. థిన్ క్లయింట్ అంటే చేతిలో పట్టేంత బాక్సు. అందులో ట్యాలీ ఉండదు, ఎక్సెల్ ఉండదు, మీ ఫైళ్లు ఉండవు. సర్వర్‌లో నడిచే డెస్క్‌టాప్ బొమ్మను తెచ్చి మానిటర్ మీద చూపిస్తుంది, మీరు నొక్కిన కీని, కదిపిన మౌస్‌ని సర్వర్‌కి పంపిస్తుంది. అంతే దాని పని. హెచ్‌పీ టీ-సిరీస్, డెల్ వైస్, ఎన్‌కంప్యూటింగ్ మనకు బాగా కనిపించే రకాలు. విండోస్ సర్వర్ వాడితే ఈ రాకపోకలన్నీ ఆర్‌డీపీ (రిమోట్ డెస్క్‌టాప్ ప్రోటోకాల్) అనే పద్ధతి మీద నడుస్తాయి.

ఇప్పుడు ఈ ఆలోచన మళ్లీ ఎందుకు వస్తోందంటే, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ పైదో ఉండాలి. మన ఆఫీసుల్లో రెండో తరం, నాలుగో తరం ఐ3లు ఇంకా గట్టిగానే పనిచేస్తున్నాయి. వాటిని పాత ఇనుముకు వెయ్యక్కర్లేదు. హార్డ్ డిస్క్ తీసేసి, చిన్న లైనక్స్ వేసి, ఫ్రీఆర్‌డీపీ అనే ఉచిత ప్రోగ్రాముతో సర్వర్‌కి కలిపితే అదే థిన్ క్లయింట్ అవుతుంది. థిన్‌స్టేషన్ అనే చిన్న లైనక్స్ అయితే పెన్‌డ్రైవ్ నుంచో, నెట్‌వర్క్ నుంచో బూట్ అవుతుంది. 4 జీబీ ర్యామ్ దానికి ఎక్కువే. పాత సీపీయూ కరెంటు మాత్రం పాత సీపీయూ లాగానే తాగుతుంది, అది లెక్కలో వేసుకోండి.

అసలు డబ్బు పెట్టాల్సింది సర్వర్ మీద. ఇరవై సీట్లు, అందరికీ ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్‌లో జీఎస్టీ పోర్టల్ అనుకుందాం. ర్యామ్ తినేది ట్యాలీ కాదు, క్రోమ్. పది ట్యాబులు తెరిచి పెట్టుకునే మనిషికి 3 జీబీ వేసుకోవాలి. ఇరవై మందికి 60, సర్వర్ సొంత అవసరాలకు ఇంకో 8. అంటే 64 జీబీతో ఊపిరాడదు, 96 జీబీ పెట్టండి, అదీ తప్పులు తనే సరిదిద్దుకునే ఈసీసీ ర్యామ్. ప్రాసెసర్ 16 కోర్లది తీసుకోండి. విండోస్ సర్వర్ స్టాండర్డ్ లైసెన్సు ఎలాగూ కనీసం 16 కోర్లకు కొనాల్సిందే కాబట్టి 8 కోర్లు కొని మిగుల్చుకునేది ఏమీ లేదు.

డిస్కు దగ్గర పొదుపు చేస్తే పదింటికి దొరికిపోతారు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పది లోపు అందరూ ఒకేసారి లాగిన్ అవుతారు. 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ సెకనుకు వంద లోపు చిన్న చిన్న పనులే చేయగలదు. ఇరవై ప్రొఫైళ్లు ఒక్కసారిగా తెరుచుకుంటుంటే దాని చేత కాదు. అందరి తెరల మీదా నీలం చక్రం తిరుగుతూ ఉంటుంది, "సార్, సిస్టమ్ స్ట్రక్ అయిపోయిండాది" అని ఇరవై గొంతులు వినిపిస్తాయి. సర్వర్‌లకని చేసిన ఎస్‌ఎస్‌డీలు రెండు కొని, రెండింట్లోనూ ఒకే డేటా ఉండేలా రెయిడ్ 1లో పెడితే ఈ గొడవ ఉండదు. ఇంట్లో వాడే చౌక ఎస్‌ఎస్‌డీ డిస్కు మీద ఇన్నిసార్లు రాయడాన్ని తట్టుకోలేదు.

స్టాండర్డ్ లైసెన్సుతో అదే మెషీన్‌లో రెండు వర్చువల్ మెషీన్లు (ఒకే మెషీన్ లోపల వేరువేరు కంప్యూటర్లలా నడిచేవి) నడుపుకునే హక్కు వస్తుంది. దాన్ని వదులుకోకండి. వాటిని నడిపే హైపర్-వీ వేసి, ఒకదాంట్లో డొమైన్ (అందరి యూజర్ పేర్లు, పాస్‌వర్డులు ఒకచోట చూసుకునేది), ఫైళ్లు, ట్యాలీ డేటా, రెండో దాంట్లో అందరూ లాగిన్ అయ్యే సెషన్ హోస్ట్ పెట్టండి. విండోస్ అప్‌డేట్ తేడా కొడితే సెషన్ హోస్ట్‌ని వెనక్కి తిప్పుకోవచ్చు, డేటా జోలికి పోనక్కర్లేదు.

లైసెన్సుల దగ్గర మూడు గుంటలున్నాయి. మొదటిది నూట ఇరవై రోజుల గుంట. సర్వర్‌లోకి అందరినీ ఎక్కించే రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ (ఆర్‌డీఎస్) వేశాక లైసెన్సు పెట్టకపోయినా 120 రోజులు నడుస్తుంది. వేసినవాడు డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు. నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున ఎవరికీ లాగిన్ అవ్వదు. ఒక్కో మనిషికో, ఒక్కో బాక్సుకో ఆర్‌డీఎస్ కాల్ (సర్వర్‌ని వాడుకోవడానికి కొనే లైసెన్సు) కావాలి, దాంతోపాటు మామూలు విండోస్ సర్వర్ కాల్ కూడా కావాలి. కొటేషన్‌లో రెండూ వేరువేరుగా ఉన్నాయో లేదో చూసుకోండి. రెండో గుంట వర్క్‌గ్రూప్, అంటే డొమైన్ లేని అమరిక. డొమైన్ పెట్టకుండా, మనుషుల లెక్కన కాల్స్ కొంటే సర్వర్ 2019 నుంచి అరవై నిమిషాల్లో సెషన్ కట్ అవుతుందని మెసేజ్ వస్తుంది, అన్నట్టే కట్ చేస్తుంది. వర్క్‌గ్రూప్‌లో బాక్సుల లెక్కన కొన్న కాల్సే పనిచేస్తాయి. మూడోది ఆఫీస్ ప్యాకేజీ. షాపులో దొరికే మామూలు హోమ్ అండ్ బిజినెస్ కాపీ ఇక్కడ పనికిరాదు. వాల్యూమ్ లైసెన్సు కావాలి, లేదా షేర్డ్ కంప్యూటర్ యాక్టివేషన్ (ఒకే మెషీన్‌లో చాలామంది వాడుకునే వీలు) ఉన్న మైక్రోసాఫ్ట్ 365 ప్లాన్. బిజినెస్ స్టాండర్డ్‌లో ఆ వీలు లేదు, బిజినెస్ ప్రీమియంలో ఉంది. ఉత్తరాలు, చిన్న లెక్కలు మాత్రమే చేసే సీట్లకు లిబ్రే ఆఫీస్ చాలు. తెలుగు యూనికోడ్ అందులో చక్కగానే కనిపిస్తుంది.

మామూలు విండోస్ 10, 11లోనే ఏదో ఫైలు మార్చి పదిమందిని ఎక్కించే తంత్రం ఒకటి మార్కెట్లో తిరుగుతోంది. లైసెన్సుకు విరుద్ధం. అది పక్కన పెట్టినా, నెల నెలా వచ్చే అప్‌డేట్ ఆ ఫైలును మళ్లీ మార్చేస్తుంది, ఆ రోజు ఆఫీసుకు సెలవే.

సెషన్ హోస్ట్‌లో సాఫ్ట్‌వేర్ వేసేటప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో ముందు "చేంజ్ యూజర్ /ఇన్‌స్టాల్" కొట్టాలి, అయ్యాక "చేంజ్ యూజర్ /ఎగ్జిక్యూట్". ఇది మరిచిపోతే అడ్మిన్‌కి తెరుచుకున్న సాఫ్ట్‌వేర్ మిగతావాళ్లకు సెట్టింగులు లేవంటూ మొరాయిస్తుంది. ట్యాలీ విషయంలో సిల్వర్ లైసెన్సు ఒక్కరికే, ఎక్కువ మంది ఎక్కాలంటే గోల్డ్ ఉండాలి.

ఇక ఆ ఐదో వైరు.

అన్నింటికన్నా ఎక్కువ సతాయించేది డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, పెన్‌డ్రైవ్ లాంటిది. విండోస్ దాన్ని స్మార్ట్ కార్డుగానే చూస్తుంది. ఆడిటర్ ఆఫీసులో దాన్ని తీసుకెళ్లి నేరుగా సర్వర్‌కి గుచ్చుతారు, అందరికీ కనిపిస్తుందని. ఎవరికీ కనిపించదు. రిమోట్ సెషన్‌లో స్మార్ట్ కార్డు కోసం విండోస్ సర్వర్ వైపు చూడదు, మీ ముందున్న బాక్సు వైపు చూస్తుంది. కాబట్టి టోకెన్ బాక్సుకే గుచ్చాలి, దాని డ్రైవర్ సర్వర్‌లో ఉండాలి, బాక్సులో స్మార్ట్ కార్డు రీడైరెక్షన్ (సర్వర్‌కి మళ్లించడం) ఆన్ చెయ్యాలి. బాక్సులో లైనక్స్ ఉంటే ఆ టోకెన్ రకాన్ని అది గుర్తుపట్టాలి కూడా. ఇదంతా కుదిరినా ఇంకో మెలిక ఉంది. పోర్టల్‌లో సంతకం పెట్టించే ఎమ్‌సైనర్ లాంటి చిన్న ప్రోగ్రాము, మెషీన్‌లో ఒక పోర్టు (ప్రోగ్రాములు మాట్లాడుకునే నంబరున్న తలుపు) తెరుచుకుని కూర్చుంటుంది. బ్రౌజర్ ఆ పోర్టు తలుపు తడుతుంది. ఒక మెషీన్‌కి ఆ నంబరు పోర్టు ఒక్కటే. సర్వర్‌లో ఇరవై మంది ఉన్నా ముందు తెరిచినవాళ్లదే అది. రెండో మనిషి సంతకం పెట్టబోతే "సర్వీస్ రన్ అవ్వడం లేదు" అని వస్తుంది, లేదా మొదటి మనిషి టోకెన్‌ని వెతుకుతుంది. ఆధార్ వేలిముద్ర పరికరాలను నడిపే ఆర్‌డీ సర్వీసు ప్రోగ్రాముదీ ఇదే తంతు, అది 11100 నుంచి 11120 లోపు పోర్టుల్లో ఒకదాన్ని పట్టుకుంటుంది. మందు ఒకటే. సంతకాలకు, వేలిముద్రలకు ఒకటో రెండో మామూలు పీసీలు అలాగే ఉంచేయండి. ఇరవైలో పద్దెనిమిది మార్చి రెండు ఉంచుకోవడం ఓటమి కాదు, ఆ రెండూ మార్చకపోవడం వల్లే మిగతా పద్దెనిమిది ప్రశాంతంగా నడుస్తాయి.

గుజ్జు ఫ్యాక్టరీలో ఐదో వైరు వేబ్రిడ్జి గదిలో ఉంటుంది. తూకం చూపించే ఇండికేటర్ నుంచి తొమ్మిది పిన్నుల సీరియల్ కేబుల్ సీపీయూకి వస్తుంది. ఆర్‌డీపీలో ఈ సీరియల్ (కామ్) పోర్టును సర్వర్‌కి మళ్లించే వీలుంది, పరీక్షించినప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ నెట్‌వర్క్ రెండు సెకన్లు ఊగిసలాడితే తూకం అంకె మధ్యలో తెగుతుంది. బయట తోతాపురి లోడు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నప్పుడు రైతుకు చీటీ ఆగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వేబ్రిడ్జికి సొంత పీసీ, సొంత చిన్న యూపీఎస్ ఉండాలి. చీటీల డేటా మాత్రం సర్వర్‌కి కాపీ అవుతూ ఉంటే చాలు. అదే ఫ్యాక్టరీలో బిల్లింగ్ గదికి మాత్రం థిన్ క్లయింట్ వరమే. జూన్, జూలైల్లో ఐదారుగురు డేటా ఎంట్రీ వాళ్లు అదనంగా వస్తారు. ఐదు బాక్సులు, ఐదు యూజర్ పేర్లు, అరగంట పని. సీజన్ అయ్యాక తీసి బీరువాలో పెట్టేయండి. ఫ్యాన్ లేని బాక్సే తీసుకోండి. తీపి గాలికి చీమలు, వెచ్చదనానికి బల్లులు చేరతాయి, గాలి కన్నాలు పైకి ఉండేలా టేబుల్ మీద పడుకోబెడితే లోపలికి దారి దొరుకుతుంది. మానిటర్ వెనక నిలువుగా బిగించండి.

ప్రింటర్ల సంగతి. లేజర్ ప్రింటర్లకు నెట్‌వర్క్ పోర్టు ఉన్నవే కొని, ఒక్కోదానికి మారని ఐపీ ఇచ్చి, 9100 పోర్టు మీద నేరుగా సర్వర్‌లో పెట్టండి. బాక్సు వెనక యూఎస్‌బీ ప్రింటర్ పెట్టి మళ్లించే పని వీలైనంత తగ్గించండి. డాట్ మ్యాట్రిక్స్‌తోనే తంటా. విండోస్ ఉన్న బాక్సుకు డాట్ మ్యాట్రిక్స్ గుచ్చితే, సర్వర్ ముందుగా ఈజీ ప్రింట్ అనే ఉమ్మడి డ్రైవర్‌ని వాడుకుంటుంది. అది అక్షరాలను అక్షరాలుగా పంపదు, బొమ్మగా మార్చి పంపుతుంది. పది సెకన్లలో రావాల్సిన బిల్లు చుక్క చుక్కగా కీచుమంటూ నిమిషం పైనే లాగుతుంది, రిబ్బన్ వారంలో వెలిసిపోతుంది. సర్వర్‌లో అందరికీ నియమాలు పెట్టే గ్రూప్ పాలసీలో ఈజీ ప్రింట్‌ని ముందు వాడే సెట్టింగు ఆపేసి, ఆ ప్రింటర్ అసలు డ్రైవర్‌ని సర్వర్‌లో వెయ్యాలి. ఒక చెడ్డ డ్రైవర్, ప్రింట్లను వరుసలో పంపే సర్వర్ స్పూలర్‌ని పడేస్తే ఆఫీసు మొత్తానికీ ప్రింట్లు ఆగిపోతాయి కాబట్టి కనిపించిన డ్రైవరల్లా ఎక్కించకండి. యూఎస్‌బీ స్కానర్ అయితే ఆర్‌డీపీలో మామూలుగా దారి దొరకదు. స్కాన్ చేసి నేరుగా షేర్డ్ ఫోల్డర్‌లో వేసే నెట్‌వర్క్ స్కానర్ తీసుకోండి.

తెలుగు టైపింగ్‌లో చిన్న తిరకాసు. బాక్సులో ఏ కీబోర్డు లేఅవుట్ ఉంటే అదే సర్వర్ సెషన్‌లోకి వచ్చి కూర్చుంటుంది. అది బ్రిటన్ ఇంగ్లీషు అయితే ఈమెయిల్‌లో కొట్టే ఎట్ గుర్తు స్థానంలో కొటేషన్ గుర్తు పడుతుంది, ముందురోజు పెట్టుకున్న తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ ఎక్కడో మాయమవుతుంది. సర్వర్ రిజిస్ట్రీలో కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, కీబోర్డ్ లేఅవుట్ కిందికి వెళ్లి, ఇగ్నోర్ రిమోట్ కీబోర్డ్ లేఅవుట్ అనే పేరుతో (పదాల మధ్య ఖాళీ లేకుండా) ఒక డీవర్డ్ (అంకె విలువ) చేసి 1 ఇవ్వండి. ఆ తర్వాత సర్వర్‌లో ఉన్నదే అందరికీ. అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ సీటును మాత్రం ఇందులోకి లాగకండి, ఫొటోషాప్ ఉన్న చోట పీసీయే మర్యాద.

కరెంటు లెక్క చూద్దాం. మామూలు పీసీ పని చేస్తుంటే మానిటర్ కాకుండా సుమారు 70 వాట్లు, థిన్ క్లయింట్ 10. ఇరవై సీట్ల మీద 1200 వాట్ల తేడా, రోజుకు ఎనిమిది గంటలు, నెలకు 26 రోజులంటే దాదాపు 250 యూనిట్లు. అందులో సర్వర్, దాని ఏసీ కొంత తిరిగి తినేస్తాయి. బిల్లు సగమవుతుందని చెప్పే సేల్స్ మనిషిని నమ్మకండి. అసలు లాభం యూపీఎస్‌లో ఉంది. ఇరవై బాక్సులు, ఇరవై మానిటర్లు కలిపి 600 వాట్లు, సర్వర్ 300, కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ 30. 2 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్‌కి, అది 72 వోల్టుల మోడల్ అయితే, 42 ఏహెచ్ బ్యాటరీలు ఆరు పెడితే కొత్తలో రెండు గంటలకు అటూ ఇటూ లాగుతుంది.

ఇక్కడ జరిగే తప్పు ఎంత చిన్నదో అంత ఖరీదైనది. సర్వర్‌కి యూపీఎస్ ఇస్తారు, మానిటర్లకు ఇస్తారు, మూలన గోడకు వేలాడే నెట్‌వర్క్ స్విచ్ అడాప్టర్‌ని మాత్రం మామూలు ప్లగ్గులో పెడతారు. కరెంటు పోగానే సర్వర్ నడుస్తూనే ఉంటుంది, బాక్సులు వెలుగుతూనే ఉంటాయి, తెరలన్నీ బిగుసుకుపోతాయి. కంగారుపడి బాక్సు స్విచ్ కట్టి మళ్లీ వేస్తారు. నిజానికి ఏమీ పోలేదు. సెషన్ సర్వర్‌లో భద్రంగా ఉంది, స్విచ్ లేవగానే వోచర్ సగంలో ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. పీసీకి లేని సుఖం ఇదే. ఆ అడాప్టర్‌ని ఇవాళే యూపీఎస్ ప్లగ్గులోకి మార్చండి.

సర్వర్ గదిలోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మేలో తిరుపతి ఎండ నలభై దాటుతుంది. కరెంటు పోతే ఏసీ ఆగుతుంది, సర్వర్ ఆగదు. తలుపు మూసిన చిన్న గదిలో 300 వాట్ల వేడి అంటే చిన్న హీటర్ పెట్టుకున్నట్టే. ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని యూపీఎస్ లైనులో పెట్టండి. మెట్ల కింద, కింది అంతస్తులో పెట్టకండి. 2021 నవంబర్ వానలకు తిరుపతిలో ఎన్ని కాలనీల్లో నీళ్లు నిలిచాయో గుర్తుంటే ఈ మాటకు వివరణ అక్కర్లేదు.

కేబుల్ క్యాట్ 6, నిఖార్సయిన రాగి. రాగి పూత వేసిన అల్యూమినియం తీగ సగం ధరకు వస్తుంది, ఏడాదికి కొన దగ్గర విరుగుతుంది. ఆఫీసు పనికి ఒక్కో సీటు వాడేది సెకనుకు కొన్ని వందల కిలోబిట్లే కాబట్టి బాక్సుకు 100 ఎంబీపీఎస్ చాలు, స్విచ్ నుంచి సర్వర్‌కి మాత్రం గిగాబిట్ ఉండాలి. వైఫై మీద నడపొద్దు. చిత్తూరు బ్రాంచ్ నుంచి తిరుపతి సర్వర్‌కి ఎక్కాలంటే ముందు రోజంతా పింగ్ (అటు వెళ్లి రావడానికి పట్టే సమయం చూపే కమాండ్) పెట్టి చూడండి. 50 మిల్లీసెకన్ల లోపు ఉంటే హాయి, 150 దాటితే కీ నొక్కాక అక్షరం కోసం ఎదురుచూడాలి. ఆ దారి వీపీఎన్ (బయటివాళ్లకు కనిపించని సొంత దారి) గుండానే. రౌటర్‌లో ఆర్‌డీపీ వాడే 3389 పోర్టు తెరిచి ఇంటర్నెట్‌కి వదిలేస్తే పాస్‌వర్డులు ఊహించే దాడులు గంటల్లో మొదలవుతాయి, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే ర్యాన్సమ్‌వేర్ లోపలికొచ్చే రాజమార్గాల్లో అదొకటి. పీసీకి వస్తే ఒక పీసీ పోతుంది, ఇక్కడ ఇరవై సీట్లూ ఒకేసారి పోతాయి. బ్యాకప్ డిస్కులు రెండు పెట్టుకుని, ఒకటి ఎప్పుడూ ఊడదీసి ఆఫీసు బయట ఉంచాలి.

మొదటి నెల చూసుకోవాల్సింది వదిలేసిన సెషన్లు. సాయంత్రం అందరూ లాగ్ ఆఫ్ కొట్టరు, బాక్సు స్విచ్ కట్టేసి ఇంటికి పోతారు. సెషన్ సర్వర్‌లో మిగిలిపోతుంది, క్రోమ్ ట్యాబులతో సహా. నాలుగు రోజులకు ర్యామ్ నిండిపోతుంది. డిస్కనెక్ట్ అయిన సెషన్‌ని రెండు గంటల తర్వాత ముగించేలా పాలసీ పెట్టండి. మరీ పది నిమిషాలు పెడితే కరెంటు పోయి వచ్చేసరికి సేవ్ చేయని ఎక్సెల్ పోతుంది. ఆదివారం రాత్రి సర్వర్ రీస్టార్ట్ షెడ్యూల్ చెయ్యండి.

సెకండ్‌హ్యాండ్ బాక్సులు చౌకగా దొరుకుతాయి, తప్పు లేదు. కొనేముందు మూడు చూడండి. మానిటర్ పోర్టు డిస్‌ప్లేపోర్ట్ అయితే మీ పాత వీజీఏ మానిటర్‌కి యాక్టివ్ అడాప్టర్ ఖర్చు కలుపుకోవాలి. ఫర్మ్‌వేర్ (బాక్సు లోపలి సొంత సాఫ్ట్‌వేర్) పాతదైతే 2018లో మైక్రోసాఫ్ట్ ఆర్‌డీపీ లాగిన్ పద్ధతిని బిగించిన తర్వాతి సర్వర్‌లకు అథెంటికేషన్ ఎర్రర్ అంటూ కలవదు, కొత్త ఫర్మ్‌వేర్ ఇంకా దొరుకుతోందో లేదో అడగండి. మూడోది లోపలి గుండీ బ్యాటరీ, చాలా మోడళ్లలో సీఆర్ 2032. అది చచ్చిపోతే స్విచ్ కట్టిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది, తేదీ తప్పు కాబట్టి సర్వర్ సర్టిఫికెట్ చెల్లదంటుంది, "అన్నా, పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నా, తీసుకోవడం లేదు" అని ఫోన్ వస్తుంది. పాస్‌వర్డ్ రీసెట్ చేసే ముందు తేదీ ఎంత చూపిస్తోందో అడగండి.